పంతులుగారి జేబులో రెండు రంగులు

* సోమవారం నుంచి శుక్రవారం దాకా బడి.. శనివారం మైదానం
* భారత సైన్యంలోనూ పనిచేసిన కెన్ ఆస్టన్
* ఫుట్‌బాల్‌కు పసుపు, ఎర్ర కార్డులు ఇచ్చింది ఈయనే

ఎర్రకార్డు! ఈ మాట తెలియనివాళ్లు ఇప్పుడు దాదాపుగా లేరు. ఫుట్‌బాల్ ఆడేవాడికే కాదు, జన్మలో బంతి తన్ననివాడికీ తెలుసు. ఆఫీసులో పైఅధికారి మందలిస్తే పసుపు కార్డు పడిందని చెప్పుకుంటారు. పార్టీలోంచి ఎవర్నయినా సాగనంపితే ఎర్రకార్డు చూపించారని పేపర్లు హెడ్డింగులు పెడతాయి. చెన్నై వ్యాసర్పాడిలోనో, బెంగళూరు గౌతమపురలోనో మట్టి మైదానంలో ఆడుకునే పిల్లల కాళ్లకు బూట్లు లేకపోవచ్చు. కానీ రిఫరీ చెయ్యి పైకి లేస్తే అర్థమేమిటో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. నీకు తమిళం వచ్చా, కన్నడం వచ్చా, తెలుగు వచ్చా అని అడిగే పనీ లేదు. రంగు చూస్తే చాలు.

ఈ రెండు రంగులను ఆటలోకి తెచ్చినాయన కోట్లు గడించిన ఆటగాడు కాదు, క్లబ్బు యజమానీ కాదు. ఇంగ్లండులో ఓ ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు. పేరు కెన్ ఆస్టన్. వారంలో అయిదు రోజులు బడి చూసుకుంటూ, శనివారం వచ్చిందంటే నల్ల చొక్కా తొడుక్కుని విజిల్ పట్టుకుని మైదానంలో దిగేవారు. అలా దిగి దిగి ప్రపంచకప్ దాకా వెళ్లారు. అక్కడే ఆయనకు జీవితంలో మరచిపోలేని దెబ్బ తగిలింది. ఆ దెబ్బ తర్వాత కొన్నేళ్లకు పుట్టినవే ఈ కార్డులు.

అప్పట్లో రిఫరీ అంటే..

ఇప్పుడు పెద్ద లీగుల్లో రిఫరీకి అదే ఉద్యోగం. నెల జీతం, శిక్షణ, వ్యాయామం చేయించేవాళ్లు, పొరపాటు జరిగితే చూసి చెప్పే వీడియోలు. ఇంగ్లండులో ఇలా పూర్తికాలం రిఫరీలు వచ్చింది 2001లో. అంతకుముందు దాకా విజిల్ ఊదడం పక్కపనే. కడుపు నింపేది వేరే వృత్తి. ఆ కాలపు పెద్ద రిఫరీల వృత్తులు చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

1950 ప్రపంచకప్‌లో బ్రెజిల్, ఉరుగ్వేల మధ్య టైటిల్ తేల్చిన మ్యాచ్‌కు రిఫరీగా నిలబడిన జార్జ్ రీడర్ బడిపంతులు. మైదానంలో ఆయన చుట్టూ రెండు లక్షల జనం అయితే, ఊళ్లో ఆయన ముందు కూర్చునేది తరగతి పిల్లలు. 1974 ఫైనల్లో ఆట మొదలైన తొలి నిమిషాల్లోనే ఆతిథ్య జట్టు పశ్చిమ జర్మనీ మీద పెనాల్టీ ఇచ్చిన జాక్ టేలర్ మాంసం కొట్టు నడిపేవారు. జర్మనీకి చెందిన రుడాల్ఫ్ క్రైట్లైన్ దర్జీ. పోనుపోను ఫిఫా అధ్యక్షుడే అయిన స్టాన్లీ రౌస్ కూడా ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పి, సెలవుల్లో విజిల్ ఊదినవారే.

ఇలా రెండు పడవల మీద కాళ్లు పెట్టడం చెప్పినంత తేలిక కాదు. విదేశంలో మ్యాచ్ పడితే సెలవు అడగాలి. యజమాని ఇవ్వాలి. శనివారం వేలమంది తిట్లు తిని, సోమవారం పొద్దున్నే ఏమీ ఎరగనట్టు పనిలోకి రావాలి. ఇరుగుపొరుగులో ఏ జట్టు అభిమాని ఉంటాడో తెలీదు. మాంసం కొట్టుకు వచ్చినవాడైనా, బడికి పిల్లాణ్ని దింపడానికి వచ్చినవాడైనా మొన్నటి పెనాల్టీ సంగతి ఎత్తకుండా పోడు. పొట్టకూటి కోసం కాదు కాబట్టి, ఆట మీద మక్కువ లేకపోతే ఎవరూ ఈ పని పెట్టుకోరు.

కోల్చెస్టర్ కుర్రాడు

కెనెత్ జార్జ్ ఆస్టన్ 1915 సెప్టెంబరు 1న ఇంగ్లండు తూర్పు ప్రాంతంలోని కోల్చెస్టర్‌లో పుట్టారు. ఎక్సెటర్‌లోని సెయింట్ లూక్స్ కాలేజీలో ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి బడిలో చేరారు. రిఫరీ పరీక్ష పాసయింది 1936లో. అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. చిన్న మ్యాచ్‌లతో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కాల్సిందే తప్ప, అడ్డదారి లేని రంగం అది.

మెట్లెక్కుతుండగానే రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చింది. వైమానిక దళంలో చేరదామని వెళ్తే కాలి మడమ గాయం కారణంగా పనికిరావన్నారు. ఫిరంగి దళంలో చేరారు. అక్కణ్నుంచి బ్రిటిష్ ఇండియన్ ఆర్మీకి మారారు. అంటే మన సిపాయిలతో కలిసి పనిచేసిన అధికారి అన్నమాట. యుద్ధం ముగిసేనాటికి లెఫ్టినెంట్ కర్నల్ హోదాకు చేరుకున్నారు. సింగపూర్‌లోని చాంగీలో యుద్ధ నేరాల విచారణ జరిపిన ట్రిబ్యునల్‌లోనూ పనిచేశారు. యుద్ధఖైదీలను హింసించినవాళ్లను బోనులో నిలబెట్టిన చోటు అది. ఒకడి తప్పు మరొకడి మీద పడకూడదు, తప్పు చేసినవాడు తప్పించుకోనూ కూడదు. మైదానంలో తొంభై నిమిషాలు చేసే తీర్పరి పనిని ఆయన అక్కడ మనుషుల ప్రాణాలతో ముడిపడిన విషయంగా చూసి వచ్చారు.

పట్టాలు, హోదాలు చూసుకుని మరో పెద్ద ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఆస్టన్ మళ్లీ బడికే వచ్చారు. లండన్ అంచున ఇల్‌ఫర్డ్‌లోని న్యూబరీ పార్క్ ప్రాథమిక పాఠశాలలో పనిచేసి, 1950లలో అక్కడే హెడ్మాస్టరయ్యారు. విజిల్ కూడా మళ్లీ చేతిలోకి వచ్చింది.

మంచులో కనబడని జెండా

ఆస్టన్‌లో ఓ గుణం మొదట్నుంచీ ఉంది. మైదానంలో ఏదైనా ఇబ్బంది ఎదురైతే సణుక్కుని ఊరుకునేవారు కాదు. ఇంటికెళ్లి దానికో విరుగుడు ఆలోచించేవారు. అదీ పంతులు బుద్ధే. వెనక బెంచీవాడికి బోర్డు మీద అక్షరం కనబడటం లేదంటే అది పిల్లాడి తప్పనుకోడు మంచి పంతులు. అక్షరం పెద్దది చేస్తాడు.

యుద్ధానికి ముందు రిఫరీలు కోట్లు తొడుక్కుని ఆడించేవారు. యుద్ధం నుంచి తిరిగొచ్చాక ఆస్టన్ తెల్ల అంచున్న నల్ల దుస్తులు వేసుకున్నారు. ఇంగ్లండు మైదానాల్లో ఆ వేషంతో మొదట దిగింది ఆయనేనంటారు. తర్వాత కొన్ని దశాబ్దాలు రిఫరీ అంటే నల్లబట్టలే అన్నంతగా ఆ దుస్తులు స్థిరపడ్డాయి.

తర్వాతిది జెండాల సంగతి. గీత పక్కన పరుగెత్తే లైన్స్‌మన్ల చేతిలో అప్పట్లో ఆతిథ్య క్లబ్బు రంగు జెండాలు ఉండేవి. లండన్ శీతాకాలపు పొగమంచు తెలిసిందేగా. 1947లో ఓ మ్యాచ్‌లో మంచు కమ్మేసి, లైన్స్‌మన్ జెండా ఊపుతున్నాడో లేదో కూడా కనబడలేదు. ఆస్టన్ ఆ తర్వాత కొట్టొచ్చినట్టు కనబడే పసుపు జెండా ఒకటి, ఎర్ర జెండా ఒకటి తయారుచేయించి లైన్స్‌మన్ల చేతికిచ్చారు. పొగమంచులోనూ ఆ రెండు రంగులూ కనబడ్డాయి. ఈ ఏర్పాటు నచ్చి మిగతావాళ్లూ పట్టుకున్నారు.

పసుపు, ఎరుపు. ఈ రెండు రంగులను గుర్తుపెట్టుకోండి. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ వస్తాయి.

శాంటియాగోలో కాళరాత్రి లాంటి పగలు

1962 ప్రపంచకప్ చిలీలో జరిగింది. ఆస్టన్ రిఫరీగా ఎంపికయ్యారు. మే 30న చిలీ, స్విట్జర్లాండుల మధ్య మ్యాచ్‌ను చక్కగా నడిపించారు. చిలీ 3-1తో గెలిచింది. మూడు రోజులు తిరక్కుండానే, జూన్ 2న, శాంటియాగో నేషనల్ స్టేడియంలో చిలీ, ఇటలీ మ్యాచ్ కూడా ఆయన చేతికే వచ్చింది. ఆ తొంభై నిమిషాలే ఫుట్‌బాల్ చరిత్రలో శాంటియాగో యుద్ధంగా మిగిలిపోయాయి.

గొడవ మైదానంలో మొదలైంది కాదు. రెండేళ్ల కిందట, 1960లో, చిలీని మహాభూకంపం కుదిపేసింది. భూమి మీద నమోదైన భూకంపాల్లోకెల్లా పెద్దది అదే. ఆ శిథిలాల్లోంచి లేచి ప్రపంచకప్ నిర్వహిస్తున్నామన్న పౌరుషంలో చిలీ జనం ఉన్నారు. సరిగ్గా అప్పుడే ఇద్దరు ఇటలీ విలేకరులు శాంటియాగో నగరాన్ని, అక్కడి మనుషులను, ఆడవాళ్లను కూడా చులకన చేస్తూ తమ పత్రికల్లో రాశారు. ఆ రాతలు చిలీ పేపర్లలో వచ్చేసరికి దేశం భగ్గుమంది. రాసిన ఇద్దరూ దేశం విడిచి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ కోపం ఇటలీ ఆటగాళ్ల మీదికి మళ్లింది. దానికితోడు దక్షిణ అమెరికాలో పుట్టినవాళ్లను ఇటలీ తన జట్టులో ఆడిస్తోందన్న అక్కసు ఒకటి.

విజిల్ మోగి పన్నెండు సెకన్లయినా కాకముందే మొదటి ఫౌల్. ఎనిమిదో నిమిషంలో ఇటలీ ఆటగాడు ఫెర్రీని ప్రత్యర్థిని తన్నాడు. ఆస్టన్ బయటికి పొమ్మన్నారు. అతడు కదల్లేదు. ఆస్టన్‌కు ఇటాలియన్ రాదు, వాళ్లకు ఇంగ్లీషు రాదు. చేత్తో చూపించినా వాదనే. నిమిషాల తరబడి ఆట ఆగిపోయింది. చివరికి పోలీసులొచ్చి లాక్కుపోవాల్సి వచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. చిలీ ఆటగాడు లియోనెల్ సాంచెజ్ గీత పక్కన బంతితో కింద పడ్డాడు. ఇటలీ ఆటగాడు డేవిడ్ అతణ్ని తన్నాడు. సాంచెజ్ లేచి ఒక్క గుద్దు గుద్దాడు. అతడి తండ్రి బాక్సర్. దెబ్బ ఎలా ఉండి ఉంటుందో వేరే చెప్పాలా! లైన్స్‌మన్ పక్కనే ఉన్నాడు. అయినా సాంచెజ్‌ను బయటికి పంపలేదు. కాసేపటికి డేవిడ్ కాలెత్తి సాంచెజ్ తల మీద తన్నాడు. ఈసారి ఆస్టన్ డేవిడ్‌ను పంపేశారు. ఇటలీకి తొమ్మిది మందే మిగిలారు. ఆ తర్వాత సాంచెజ్ మరో గుద్దుతో ఇటలీకి చెందిన మాస్కియో ముక్కు పగలగొట్టాడు. అప్పుడూ అతడు మైదానంలోనే ఉన్నాడు.

పోలీసులు ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ మైదానంలోకి రావాల్సి వచ్చింది. చివర్లో రమిరెజ్, టోరో చెరో గోల్ కొట్టారు. చిలీ 2-0తో గెలిచింది. ఇటలీ ఆ ప్రపంచకప్ నుంచి తొలి దశలోనే ఇంటిదారి పట్టింది. చిలీ ఏకంగా మూడో స్థానం దాకా వెళ్లింది.

ఆ మచ్చ ఎవరిది?

ఇటలీవాళ్లు తప్పంతా రిఫరీదేనన్నారు. తమవాళ్లిద్దరిని పంపి, గుద్దులు గుద్దినవాణ్ని ఉంచారు కాబట్టి ఆ మాటను తోసిపుచ్చలేం. ఆతిథ్య దేశానికి కొమ్ముకాశాడన్న నింద ఆస్టన్ మీద పడింది. గుద్దులు పడినప్పుడు తను వేరే వైపు ఉన్నానని, చూసిన లైన్స్‌మన్ల నుంచి సాయం అందలేదని ఆయన తర్వాత చెప్పుకొచ్చారు. మ్యాచ్ ఆపేద్దామని కూడా అనిపించిందట. కానీ అరవై వేలకు పైగా జనం ఊగిపోతున్న స్టేడియంలో మధ్యలో ఆపేస్తే ఇటలీ ఆటగాళ్ల ప్రాణాలకు పూచీ ఎవరు? అందుకే చివరిదాకా లాక్కొచ్చానన్నారు. ఆ మాటలోనూ నిజముంది.

అప్పటికి ఉపగ్రహం ద్వారా ప్రత్యక్ష ప్రసారాల్లేవు. మ్యాచ్ ఫిల్ము విమానంలో ఇంగ్లండుకు చేరాక బీబీసీ చూపించింది. ఇంతటి సిగ్గుమాలిన ఆటను ఎన్నడూ చూడలేదన్న అర్థంలో వ్యాఖ్యాత ముందే చెప్పి మరీ వేశారు. ఊళ్లో హెడ్మాస్టరుగారు, టీవీలో మాత్రం కొట్టుకుంటున్నవాళ్ల మధ్య ఇటూ అటూ పరుగెత్తుతూ, ఎవరూ మాట వినని పెద్దమనిషి! బడిలో ఆయన కనుసైగకు నిశ్శబ్దమయ్యే పిల్లల ఇళ్లలోకీ ఆ బొమ్మ వెళ్లింది.

ఆ టోర్నీలో ఆస్టన్ మరో మ్యాచ్ ఆడించలేదు. మడమ పైనున్న నరానికి గాయమైంది. తిరిగొచ్చారు. మరొకరైతే అక్కడితో విజిల్ మూలన పడేసేవారు. ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం మాత్రం ఆయన మీద నమ్మకం పోగొట్టుకోలేదు. మరుసటేడు, 1963 మే 25న, వెంబ్లీలో మాంచెస్టర్ యునైటెడ్, లీస్టర్ సిటీల మధ్య ఎఫ్ఏ కప్ ఫైనల్‌ను ఆయనకే అప్పగించారు. ఆ దేశంలో ఒక రిఫరీకి అంతకు మించిన గౌరవం లేదు. యునైటెడ్ 3-1తో గెలిచింది. ఆస్టన్ తలెత్తుకుని మైదానం వీడారు. రిఫరీగా పెద్ద మ్యాచ్‌లకు అదే ముగింపు.

కుర్చీలోకి మారినా..

ఆడించడం ఆపినా ఆట ఆయన్ను వదల్లేదు. ఫిఫా రిఫరీల కమిటీలో ఎనిమిదేళ్లున్నారు. అందులో నాలుగేళ్లు అధ్యక్షుడు. 1966, 1970, 1974 ప్రపంచకప్పుల్లో రిఫరీల బాగోగులు చూసింది ఆయనే. తను పడ్డ పాట్లు ఇంకో రిఫరీ పడకూడదన్నదే ఆయన పట్టుదల. అయితే నాలుగేళ్లు గడిచేసరికి, సొంతగడ్డ మీదే, అచ్చం శాంటియాగో లాంటి సన్నివేశం కళ్లెదుట నిలబడింది.

1966 జులై 23. వెంబ్లీలో ఇంగ్లండు, అర్జెంటీనా క్వార్టర్ ఫైనల్. రిఫరీ ముందు చెప్పుకున్న జర్మనీ దర్జీ క్రైట్లైన్. అర్జెంటీనా కెప్టెన్ ఆంటోనియో రాటిన్ ఆరున్నర అడుగులకు కాస్త తక్కువ మనిషి. రిఫరీ పొట్టి. రాటిన్ మాటిమాటికీ వచ్చి స్పానిష్‌లో ఏదో అంటున్నాడు. రిఫరీకి స్పానిష్ రాదు. అతడికి జర్మన్ రాదు. దుబాసీని పిలిపించమని అడిగానని రాటిన్ తర్వాత చెప్పాడు. తిడుతున్నాడని రిఫరీ అనుకున్నారు. 35వ నిమిషంలో బయటికి పొమ్మన్నారు.

రాటిన్ కదల్లేదు. నిమిషాలు గడుస్తున్నాయి. అర్జెంటీనా జట్టంతా చుట్టుముట్టింది. ఒక దశలో అందరూ కలిసి వెళ్లిపోతారేమోనన్నంత పనయింది. అప్పుడు గీత దగ్గరికి వచ్చిన పెద్దమనిషే ఆస్టన్. మెల్లగా నచ్చజెప్పి రాటిన్‌ను మైదానం దాటించారు. ఆట మళ్లీ మొదలైంది. ఇంగ్లండు 1-0తో గెలిచింది.

తెల్లారేసరికి ఇంకో తికమక. ఇంగ్లండు జట్టులో అన్నదమ్ములు జాక్ చార్ల్‌టన్, బాబీ చార్ల్‌టన్‌లకు కూడా రిఫరీ హెచ్చరిక రాశారని పేపర్లలో వచ్చింది. ఆ సంగతి వాళ్లిద్దరికే తెలీదు! ఆ రోజుల్లో హెచ్చరిక అంటే రిఫరీ ఆటగాణ్ని పిలిచి నోటితో చెప్పి, జేబులో పుస్తకం తీసి పేరు రాసుకోవడమే. ఎవరి పేరు రాశారో, ఎందుకు రాశారో ఆటగాడికి అర్థమైతే అయినట్టు, లేకపోతే లేనట్టు. చూసేవాళ్లకైతే అసలే తెలీదు. నిజమేమిటో తేల్చుకోవడానికి ఇంగ్లండువాళ్లు ఫిఫాను అడగాల్సి వచ్చింది.

సిగ్నల్ దగ్గర ఆగిన కారు

ఈ చిక్కునే తలపోసుకుంటూ ఆస్టన్ వెంబ్లీ నుంచి కారులో వస్తున్నారు. కెన్సింగ్టన్ హైస్ట్రీట్‌లో ట్రాఫిక్ సిగ్నల్ పడింది. పసుపు.. ఆ వెంటనే ఎరుపు. కారు ఆపారు.

అంతే! పసుపంటే తగ్గు, జాగ్రత్త. ఎరుపంటే ఆగు, ఇక నీ పని అయిపోయింది. రోడ్డు మీద ఏ దేశంవాడికైనా తెలిసిన భాష ఇది. లండన్‌లో నేర్చినా, రోమ్‌లో నేర్చినా, బ్యూనస్ ఎయిర్స్‌లో నేర్చినా అర్థం ఒక్కటే. దుబాసీ అక్కర్లేదు. చెయ్యెత్తి చూపిస్తే ఆటగాడికీ తెలుస్తుంది, గ్యాలరీలో చివరి మెట్టు మీద కూర్చున్నవాడికీ తెలుస్తుంది, రేడియోలో చెప్పేవాడికీ తెలుస్తుంది. రిఫరీ ఏమన్నాడో నాకు అర్థం కాలేదని తప్పించుకునే దారి మూసుకుపోతుంది.

ఇంటికెళ్లి సంగతి చెబితే భార్య హిల్డా లోపలికెళ్లి, చొక్కా జేబులో పట్టేంత కొలతకు రంగు కాగితాలు రెండు కత్తిరించి తెచ్చి ఇచ్చారని చెబుతారు. ప్రపంచంలో మొట్టమొదటి పసుపు, ఎర్ర కార్డులు అలా కత్తెరతో ఇంట్లోనే తయారయ్యాయన్నమాట.

ఇందులో వింతేమిటంటే, నియమం కొత్తది కాదు. హెచ్చరించడం, పంపేయడం అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఉన్నాయి. ఆస్టన్ శిక్ష పెంచలేదు, తగ్గించలేదు. శిక్షను కళ్లకు కనబడేలా చేశారు. జనం గొడవల్లో సగం తీర్పు మీద కాదు, తీర్పు అర్థం కాకపోవడం మీద వస్తాయి. సరిహద్దులో బతికేవాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సింది కాదు. ఆఫీసు కాగితం ఒక భాషలో, బస్సు బోర్డు మరో భాషలో, ఇంట్లో మాట ఇంకో భాషలో ఉన్నచోట ఎదుటివాడు ఏమంటున్నాడో తెలియకపోవడం ఎంత కష్టమో తెలిసినవాళ్లే.

మెక్సికోలో తొలిసారి

ఫిఫా ఒప్పుకుంది. 1970 మే 31న మెక్సికో సిటీలో మెక్సికో, సోవియట్ యూనియన్‌ల మధ్య ప్రపంచకప్ తొలి మ్యాచ్‌లో జర్మనీ రిఫరీ కుర్ట్ చెన్‌షెర్ పసుపు కార్డు పైకెత్తారు. ప్రపంచకప్‌లో కార్డు లేవడం అదే మొదలు. ఆ టోర్నీ మొత్తం మీద ఎర్రకార్డు ఒక్కటీ లేవలేదు. దాని వంతు మరో నాలుగేళ్లకు వచ్చింది. 1974 జూన్ 14న బెర్లిన్‌లో పశ్చిమ జర్మనీతో ఆడుతున్న ఆటగాడికి టర్కీ రిఫరీ దోగన్ బబాజాన్ ఎర్రకార్డు చూపించారు. ఆ ఆటగాడి పేరు కార్లోస్ కాజెలీ. దేశం చిలీ! పన్నెండేళ్ల కిందట ఏ దేశం మైదానంలో ఆస్టన్ నోటిమాట గాలికి పోయిందో, ఆ దేశపు ఆటగాడి ముందే ఆయన కార్డు మొదటిసారి లేచింది.

సొంత దేశం మాత్రం తాత్సారం చేసింది. ఇంగ్లండు లీగుల్లో కార్డులు 1976 అక్టోబరులో గానీ రాలేదు. రిఫరీలు మాటిమాటికీ జేబులో చెయ్యి పెడుతున్నారంటూ 1981లో తీసేశారు. 1987లో మళ్లీ తెచ్చారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఇప్పుడా కార్డులు ఫుట్‌బాల్‌ను దాటి చాలా దూరం వెళ్లాయి. హాకీలో ఆకుపచ్చ కార్డు కూడా కలిసింది. రగ్బీ, వాలీబాల్, బ్యాడ్మింటన్‌లలో వచ్చాయి. మన కబడ్డీలో కూతకు వెళ్లినవాడు హద్దు మీరినా ఇప్పుడు కార్డే. ఆటగాణ్ని మార్చేటప్పుడు గీత దగ్గర నంబరు రాసిన పలక ఎత్తి చూపించే పద్ధతి తెచ్చిన ఘనత కూడా ఆస్టన్‌కే ఇస్తారు. అది 1974 నాటి మాట. అక్కడా సూత్రం అదే. నోటితో అరవక్కర్లేదు, చూస్తే తెలిసిపోవాలి.

మనకూ ఓ పంతులుగారు

ఆస్టన్ శాంటియాగోలో అవస్థ పడిన 1962లోనే, సెప్టెంబరులో, జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు ఫుట్‌బాల్ బంగారు పతకం గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. ఆయనా బడిపంతులే. హైదరాబాద్ బడుల్లో పాఠాలు చెబుతూనే ఆటలోకి వచ్చి, సిటీ పోలీస్ జట్టును, ఆపై దేశపు జట్టును నడిపించారు. మరుసటేడే, 1963 జూన్‌లో, క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు. తర్వాత ఆస్టన్ దారిలోనే రెండు పనులు చేశారు. వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా ఉద్యోగం, ఫిఫా రిఫరీగా మైదానంలో విజిల్. ఆయన 2021 ఆగస్టులో సరిహద్దుకు ఇవతల, కలబురగిలో తుదిశ్వాస విడిచారు.

చివరిదాకా పాఠమే

బడి నుంచి రిటైరయ్యాక కూడా ఆస్టన్ చాక్‌పీసు వదల్లేదు. అమెరికాలో పిల్లల ఫుట్‌బాల్‌ను నడిపించే ఆయ్సో సంస్థ కోసం ఏటా సముద్రం దాటివెళ్లి రెండు దశాబ్దాల పాటు రిఫరీలకు పాఠాలు చెప్పారు. అక్కడ విజిల్ పట్టేది ఎక్కువగా పిల్లల అమ్మానాన్నలే. జీతం తీసుకునేవాళ్లు కాదు. వారమంతా ఉద్యోగం చేసుకుని, సెలవు రోజున పిల్లల కోసం మైదానానికి వచ్చేవాళ్లు. అలాంటివాళ్ల కష్టం ఆస్టన్‌కు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది! అమెరికాలో చేసిన ఈ సేవకే 1997లో బ్రిటన్ ప్రభుత్వం ఆయనకు ఎంబీఈ పురస్కారం ఇచ్చింది. 2001 అక్టోబరు 23న, 86వ ఏట ఆయన కన్నుమూశారు. ఇంగ్లండులో పూర్తికాలం రిఫరీలు వచ్చింది ఆ ఏడాదే. ఒక కాలం ముగిసి, మరొకటి మొదలైన సంవత్సరమది.

ఆయన పేరు చెబితే రెండు విషయాలూ చెప్పుకోవాలి. ఒకటి శాంటియాగో. అక్కడ చేయాల్సినవన్నీ ఆయన చేయలేకపోయారు. రెండోది కార్డులు. మొదటిది దాచి రెండోది చెబితే కథ సగమే. బడిలో తప్పిన లెక్కను కొట్టేసి మళ్లీ మొదట్నుంచి చేయించినట్టే, మైదానంలో తప్పిన లెక్కను ఆయన ఎనిమిదేళ్లు పట్టి మళ్లీ చేశారు. ఈసారి తన కోసం కాదు, తర్వాత విజిల్ పట్టబోయే ప్రతి దర్జీ కోసం, పంతులు కోసం, గుమాస్తా కోసం. ఏ ఊరి పోటీలో అయినా సరే, భాష కలవని రెండు జట్ల మధ్య కుర్ర రిఫరీ భయపడకుండా జేబులో చెయ్యి పెడుతున్నాడంటే, ఆ ధైర్యంలో ఇల్‌ఫర్డ్ హెడ్మాస్టరుగారి వాటా కొంత ఉంది.

ఆస్టన్ జీవితంలో..

1915: కోల్చెస్టర్‌లో జననం
1936: రిఫరీ అర్హత
1947: లైన్స్‌మన్లకు పసుపు, ఎర్ర జెండాలు
1962: చిలీ ప్రపంచకప్, శాంటియాగో మ్యాచ్
1963: ఎఫ్ఏ కప్ ఫైనల్
1966: రాటిన్ గొడవ, కార్డుల ఆలోచన
1970: ప్రపంచకప్‌లో కార్డులు అమలు
1997: ఎంబీఈ పురస్కారం
2001: మరణం